దీపం కింద చలి

కరెంటు ముట్టుకుంటే షాకు కొడుతుందని అందరికీ తెలుసు. కరెంటు బిల్లు ముట్టుకున్నా కొడుతుందని ఆ పురపాలక కార్యాలయంలో ఆ ఉదయమే తెలిసింది. కమిషనరు కవరు చింపాడు, కాగితం విప్పాడు, చదివాడు. కళ్లజోడు తుడుచుకుని మళ్లీ చదివాడు. అంకె మారలేదు. జోడులోనే లోపముందేమోనని పక్కనున్న పీఏ ముక్కు మీది జోడు లాక్కుని పెట్టుకున్నాడు. అంకె ఇంకా లావుగా కనబడింది.

ఆ తర్వాత ఆ గదిలోంచి వెలువడిన కేకకు బయట బల్లల మీద కాగితాలు లేచి కూర్చున్నాయి. కర్బన ఉద్గారాలు తగ్గించమని పైనుంచి ఉత్తర్వుల మీద ఉత్తర్వులు వస్తున్నాయి గానీ, కమిషనరు గారి ఉద్గారాలు తగ్గించమని ఇంతవరకు ఒక్క ఉత్తర్వూ రాలేదు.

"పొదుపును పిలవండి!"

పొదుపు అంటే మనిషే. పరిపాలనాధికారి ఆయన హోదా, ఇంధన పొదుపు అదనపు బాధ్యత. అదనపుది అసలుదాన్ని మింగేసి చివరికి మనిషి పేరును కూడా మింగేసింది. ఆయన వరండాలో నడుస్తుంటే ముందు చూపుడువేలు నడిచేది, వెనక ఆయన. ఆ వేలికి కనబడిన స్విచ్చల్లా టప్పుమనేది. మరుగుదొడ్డిలో మనిషి ఉండగానే లైటు ఆర్పేసేవాడు కాబట్టి లోపలికి వెళ్లినవాళ్లు దగ్గడం, పాడటం, "ఉన్నామండీ, ఇంకా ఉన్నాం!" అని అరవడం అలవాటు చేసుకున్నారు. ఎవరైనా విసుక్కుంటే ఆయన దగ్గర సమాధానం సిద్ధం: "ఆఫీసు అన్న మాటలోనే ఆఫ్ ఉందయ్యా. మీకు చివర ఉన్న ఫీసే వినబడుతుంది, ముందున్న ఆఫ్ వినబడదు!"

అలాంటి పొదుపు ఆ బిల్లు చేతిలోకి తీసుకుని నిలువునా కొయ్యబారిపోయాడు.

"ఏమయ్యా, ఇదేంటి?" అన్నాడు కమిషనరు.

"బిల్లండి."

"బిల్లని నాకూ తెలుసు. ఇది మన బిల్లా, ఊరందరి బిల్లూ కలిపి మనకు పంపారా?"

పొదుపు పైన పేరు చూశాడు. మనదే. కింద అంకె చూశాడు. పోయినేటికి రెండింతలు. తను ఆర్పిన లైట్లన్నీ తన వెనకాలే మళ్లీ వెలుగుతూ వచ్చాయా?

"పోయినేడు మనకు అవార్డు ఇచ్చారు," అన్నాడు కమిషనరు. "పొదుపులో ప్రథమ కార్యాలయం అని ఇత్తడి ఫలకం. గుర్తుందా?"

గుర్తుండకపోవడమేమిటి? ఆ ఫలకం పొదుపు గుండెకు అయిదో గది. ఇత్తడైనా ఆయనకది పుత్తడి. కాకపోతే దాని వెనక కథ వేరు. అంతకు ముందటేడు వర్షాలకు ఈ భవనం పైకప్పు కారి, మరమ్మతులకని సగం ఏడాది కార్యాలయం మొత్తాన్ని పక్క వీధి బడిలోకి మార్చారు. తాళం వేసిన భవనంలో వాచ్‌మన్ నెత్తిమీది బల్బు తప్ప కాలేది ఏముంటుంది? బిల్లు పాతాళానికి పోయింది. పైన ఎక్కడో గదిలో కూర్చుని అంకెలు మాత్రమే చూసేవాళ్లు, ఆహా, ఏం పొదుపు అని మొదటి బహుమతి పంపేశారు. ఎలా తగ్గిందని వాళ్లు అడగలేదు. అడగని ప్రశ్నకు జవాబు చెప్పే అలవాటు ఈ కార్యాలయానికి లేదు. రానురాను పొదుపు కూడా అదంతా మరుగుదొడ్డి లైటు మహిమేనని మనస్ఫూర్తిగా నమ్మేశాడు.

భవనంలోకి తిరిగొచ్చాక పెద్ద హాల్లో మంచి గోడ చూసి దానికి అద్దాల అలమర కట్టించాడు. పైన నాలుగు ఫోకస్ లైట్లు. ఎవరూ ఆర్పకుండా విడిగా ఒక తీగ, కరెంటు పోయినా వెలిగేలా అడుగున బ్యాటరీ. ఆ గోడ మీద అడ్డంగా ఒక తెల్ల డబ్బా ఉంటే, "దీన్నేం చెయ్యమంటారు సార్?" అని వడ్రంగి అడిగాడు. "లోపల కలిపెయ్యవయ్యా! అవార్డు వెనకాల ఏముందో ఎవరు చూస్తారు?" అన్నాడు పొదుపు.

అప్పట్నుంచీ ఆ హాల్లో ఒక ఆచారం మొదలైంది. పొద్దున్నే వచ్చినవాళ్లు వచ్చినట్టు ఆ అలమర ముందు నిలబడేవారు. రెండు అరచేతులూ అద్దానికి ఆనించి, కళ్లు మూసుకుని, కాసేపు కదలకుండా. పొదుపు తన బల్ల దగ్గర్నుంచి ఆ దృశ్యం చూసి రోజూ కళ్లు ఒత్తుకునేవాడు. భక్తంటే ఇదీ!

"రేపు పొద్దున పరిశీలన బృందం వస్తోంది," అన్నాడు కమిషనరు. "అవార్డు చూస్తారు, బిల్లూ చూస్తారు. రెండూ ఒకే గోడకింద చూస్తే మన పరువు ఏ గోడకింద పెట్టాలి? ఏదో ఒకటి మూసి చూపించాలి. కింద రీడింగ్ హాలు మూసెయ్. సాయంత్రం అయిదింటికల్లా ఉత్తర్వు మీద నీ సంతకం, దాని కింద నా సంతకం."

మిన్ను విరిగి మీద పడ్డట్టయింది పొదుపుకు.

"అయ్యా... ఆ హాలు మా ఆవిడదండీ."

"హాలు ప్రభుత్వానిదయ్యా. ఆవిడ మాత్రమే నీది."

*

ఆవిడ ఆ హాల్లో కాంట్రాక్టు లైబ్రేరియను. హాలుంటేనే ఉద్యోగం. ఒకప్పుడది విరిగిన కుర్చీలు పారేసే గది. కుర్చీలను బాగు చేయించి, కిటికీలకు పట్టిన తుప్పు గీకించి, ఇంటింటికీ తిరిగి పుస్తకాలు అడిగి, దాన్ని చదువుకునే గది చేసింది ఆవిడే. సాయంత్రమైతే ఉద్యోగ పరీక్షలకు చదివే ఆడపిల్లలు, కుట్టు దుకాణం మూసుకుని వచ్చే దర్జీ, పేపరులో మొదటి పేజీ నుంచి టెండరు ప్రకటనల దాకా అక్షరం వదలని రిటైర్డ్ పోస్ట్‌మాన్. ఏసీలు మేడమీదే గానీ ఈ గదికి లేవు. నాలుగు ఫ్యాన్లు, ఎదురెదురు కిటికీలు, అంతే.

మధ్యాహ్నం భార్యాభర్తలిద్దరూ ఆ హాలు వెనక గదిలోనే డబ్బా విప్పుకుంటారు. ఆ రోజు పొదుపు ముద్ద కలిపాడు గానీ నోటిదాకా తీసుకెళ్లలేకపోయాడు.

"ఏంటండీ, ఫ్యాను వంక అలా చూస్తున్నారు? ఆపాలా?" అంది భార్య.

"అబ్బే."

"ఆపండి, మొహమాటమెందుకు? రేపట్నుంచి ఎలాగూ తాళమేగా."

కలిపిన ముద్ద చేతిలోంచి జారి డబ్బాలో పడింది. "నీకెవరు చెప్పారు?"

"రికార్డులక్కయ్య చెప్పింది. ఆవిడకి టైపిస్టు చెప్పింది. టైపిస్టుకి మీ కమిషనరు గారి కేకే చెప్పింది. ఈ ఆఫీసులో కరెంటు పారడానికి తీగ కావాలి గానీ కబురు పారడానికి ఎందుకు?"

"నా చేతిలో ఏముందే?"

"పెన్నుంది. నా భయమంతా దాంతోనే."

పొదుపు తల దించుకున్నాడు. ఆవిడ తన డబ్బాకు మూత పెట్టేసింది.

"ఆ పిల్ల ఉంది చూడండి, కిటికీ పక్కన కూర్చునేది," అంది. "వాళ్లింట్లో చదువుకోడానికి చోటు లేదు. పరీక్ష వచ్చే నెల. దానికేం చెప్పమంటారు? మా ఆయన మొగుడిగా మంచోడేనమ్మా, పొదుపులోనే కాస్త ఇబ్బంది అని చెప్పనా?"

"అబ్బబ్బ, నన్ను చంపకు. పైన నేను ఆర్పనిదంటూ లేదు. అయినా పెరిగింది. ఎక్కడ కాలుతోందో అర్థమైతే కదా!"

"మనింట్లో నీళ్ల బిల్లు పెరిగితే ఏం చేశాం? కొళాయిలన్నీ కట్టేసి మీటరు దగ్గర నిలబడ్డాం. అయినా తిరుగుతోంది. గోడలో పైపు పగిలిందని అప్పుడు కదా తెలిసింది? ఇక్కడా అంతే చెయ్యండి. ఒక్కసారి మేడంతా కట్టేసి మీటరు చూడండి. అప్పటికీ తప్పు నా నాలుగు ఫ్యాన్లదే అని తేలితే, మీ సంతకానికి పెన్ను మూత నేనే తీసిస్తా."

*

మూడింటికి అగ్నిప్రమాదం గంట మోగింది. "డ్రిల్లు! అందరూ కిందికి! ఉన్నవాళ్లు ఉన్నట్టు!" అని పొదుపు హాలంతా తిరిగి అరిచాడు. నిజం చెబితే ఫైళ్లు సర్దుకునే వంకతో గంటసేపు కదలరని ఆయన లెక్క.

కానీ జనం కదిలిన తీరు విడ్డూరంగా ఉంది. ఒక్కరూ లేవలేదు. అందరూ ఒక్కసారే బల్లల కిందికి వంగారు.

"ఏం చేస్తున్నారమ్మా అక్కడ?"

"చెప్పులు సార్," అంది టైపిస్టు, బల్ల కింద నుంచి.

"నావీ చెప్పులే సార్," అన్నాడు పన్నుల గుమాస్తా ఇంకో బల్ల కింద నుంచి. ఆయన కాళ్లకు బూట్లున్నాయి.

"మంటలొస్తుంటే చెప్పులు వెతుక్కుంటారా? చెప్పుతో కొట్టినట్టు చెబితే గానీ వినరా? నడవండి, నడవండి!" అని ఒక్కొక్కరినీ రెక్క పట్టి లేపి మెట్ల వైపు తోలాడు. రికార్డులక్కయ్య మాత్రం మెట్ల దగ్గరికి వెళ్లి కూడా రెండుసార్లు వెనక్కి తిరిగి చూసింది. ఇంట్లో పొయ్యి మీద పాలు పెట్టి వచ్చిన మనిషి చూసే చూపది.

బయట ఎండ నిప్పులు చెరుగుతోంది. ఆ ఎండలో ఆ కార్యాలయ సిబ్బంది స్వెటర్లు, మఫ్లర్లు, ఉన్ని టోపీలతో బారులు తీరి నిలబడ్డారు. దారిన పోయేవాళ్లు ఆగి చూశారు. ఈ వింత పొదుపుకు మాత్రం వింతగా ఉండేది కాదు. మేడమీద చలి అని సిబ్బంది ఎన్నిసార్లు మొరపెట్టుకున్నా, "నాకు లేని చలి మీకెక్కణ్ణుంచి వచ్చిందయ్యా? నా కాళ్లు ముట్టుకుని చూడండి, వెచ్చగా ఉన్నాయి. పనిచేసేవాడి ఒంట్లో ఆ వేడి ఉంటుంది!" అనేవాడు. కాళ్లు ముట్టుకుని చూసే ధైర్యం ఎవరికుంటుంది? కొత్త పైకప్పుతో పాటు కొత్త ఏసీ మిషనూ వచ్చింది కాబట్టి, కొత్త కోడలి హుషారు, నాలుగు రోజులు పోతే తగ్గుతుందిలే అనుకుని వాళ్లే సర్దుకున్నారు.

ఎలక్ట్రీషియను లైట్లు కట్టేశాడు. ఫ్యాన్లు, కంప్యూటర్లు, పైకప్పు మీది మిషను, అన్నీ కట్టేశాడు. బల్లల కింది ప్లగ్గుల మాట మాత్రం పొదుపుకు తోచలేదు. ఎలక్ట్రీషియనుకు తోచినా ఎత్తలేదు.

కమిషనరు, పొదుపు, పొదుపు భార్య మెట్ల కింద మీటరు పెట్టె ముందు నిలబడ్డారు. కరెంటు కాలుతున్నంతసేపూ మీటరు మీద చిన్న ఎర్ర దీపం మిణుకుమంటుంది. ఎంత కాలితే అంత వేగం. ఇప్పుడు ఆగిపోవాలి.

ఆగలేదు. పరుగెత్తి వచ్చిన మనిషి గుండెలా టకటకా కొట్టుకుంటోంది.

"అన్నీ కట్టేశావట్రా?" అన్నాడు పొదుపు.

"కట్టేశాను సార్," అన్నాడు ఎలక్ట్రీషియను మెట్ల వంక చూస్తూ.

"మరి ఎవరు తాగుతున్నారు మన కరెంటు? దయ్యాలా?"

"నా ఫ్యాన్లు కూడా ఆపే వచ్చానండోయ్," అంది భార్య. "నా మీద పెట్టకండి."

పొదుపు రెండేసి మెట్లు ఒక్క అంగలో ఎక్కాడు. వెనక భార్య, ఆవిడ వెనక ఎలక్ట్రీషియను. హాలు తలుపు తోశారు. మధ్యాహ్నపు ఎండ కంప్యూటర్ల మీద పడకూడదని కిటికీల తెరలన్నీ ఎప్పుడూ దించే ఉంటాయి. ఆ చివరి గోడ మీది అలమర వెలుగు తప్ప హాలంతా గుహలా ఉంది.

ఆ గుహలో కళ్లు. ఎర్రటి కళ్లు.

ప్రతి బల్ల కింద ఒక జత. వరసలు వరసలుగా, ఈ గోడ నుంచి ఆ గోడ దాకా, నేలకు జానెడెత్తున నిప్పుల్లాంటి కళ్లు రెప్ప వెయ్యకుండా వాళ్లనే చూస్తున్నాయి.

"ఓరి నాయనో!" అని పొదుపు వెనక్కి పడబోయి భార్యను పట్టుకున్నాడు. ఆవిడ తలుపును పట్టుకుంది. అప్పుడు ఒక కన్ను 'టిక్'మంది. వేడెక్కిన ఇనుము చేసే చప్పుడు.

"ఏవండీ," అంది భార్య మెల్లగా. "అవి హీటర్లు."

పొదుపు మోకాళ్ల మీద కూలబడి మొదటి బల్ల కిందికి చూశాడు. చిన్న గది హీటరు, రెండు ఎర్ర చువ్వలు. రెండో బల్ల, హీటరు. మూడో బల్ల, హీటరు, దాని మీద ఆరేసిన సాక్సులు. ఎలక్ట్రీషియను స్టూలు కిందా ఒకటి. కమిషనరు గది తలుపు సందులోంచి గడప మీదికి ఎర్రటి వెలుగు పారాణిలా పారుతోంది. ఇంటి దొంగను ఈశ్వరుడైనా పట్టలేడంటారు. ఇక్కడ ఇల్లంతా దొంగలే, ఈశ్వరుడు కూడా లోపలే కాళ్లు కాచుకుంటున్నాడు.

ఈలోగా సిబ్బంది ఒక్కొక్కరే మెట్లెక్కి తలుపు దగ్గర గుమిగూడారు. గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకున్నట్టు అందరూ కాళ్లు వెనక్కి లాక్కున్నారు. కానీ మరుక్షణం హాల్లోకి చూసి వాళ్లకూ నోళ్లు తెరుచుకున్నాయి.

"అయ్యో, నాదొక్కటే అనుకున్నానే!" అంది టైపిస్టు.

"నీదొక్కటా? నాదొక్కటే అని నేను పాపభయంతో చస్తున్నాను," అన్నాడు పన్నుల గుమాస్తా. "నా ఒక్కడి వల్ల ఆఫీసేం మునుగుతుందిలే అని రోజూ నచ్చజెప్పుకుంటున్నా."

"ఒక్కొక్కరికీ ఒక్కటే," అంది పొదుపు భార్య. "అందుకే ఒక్క బల్లా ఖాళీ లేదు."

ఈ మాటల మధ్య పొదుపు తన బల్ల దాకా నడిచాడు. తన బల్ల కింద చీకటిగా ఉంటుంది. ఉండాలి. ఉండి తీరాలి. వంగి చూశాడు.

రెండు ఎర్రటి కళ్లు ఆయన్ను ఆప్యాయంగా చూశాయి.

"ఇది... ఇది నాది కాదు," అన్నాడు. దొంగతనం చేసినవాడు కూడా అంత కంగారుగా అనడు. "ఎవరు పెట్టారిది?"

రికార్డులక్కయ్య గొంతు సవరించుకుంది. కార్యాలయంలో అందరికంటే పెద్దది, ఎవరినైనా తమ్ముడూ అనగలిగేది ఆవిడే.

"నేనే తమ్ముడూ. నీ మంచికే."

"నా మంచికా!"

"నీకూ చలేస్తే ఏం చేస్తావు? కాళ్లు ముడుచుకుంటావు. ముడుచుకుంటే కిందికి చూస్తావు. కిందికి చూశావంటే మావన్నీ కనబడతాయి. అందుకని నీ కాళ్లకు చలి తెలియకుండా చూసుకున్నాం. వారం వారం వంతులేసుకుని మేమే ఆన్ చేసేవాళ్లం."

పొదుపు కుర్చీలో కూలబడ్డాడు. పనిచేసేవాడి ఒంట్లో వేడి! ఇన్నాళ్లూ తన నిజాయితీ సెగ అనుకున్నది ప్లగ్గులోంచి వచ్చింది. ఊరందరి స్విచ్చులూ ఆర్పుతూ తిరిగాడు, సొంత మోకాళ్ల కింద కొలిమి పెట్టుకుని.

"సరే, హీటర్లు పెట్టారు," అన్నాడు. "అసలు చలెందుకు? బయట కోడిగుడ్డు పెడితే ఉడికేలా ఉంది. లోపల మంచు కురిసేంత చలి ఎందుకు?"

"మిషను తప్పు లేదు సార్," అన్నాడు ఎలక్ట్రీషియను. తన హీటరు ముందు పాదం అడ్డం పెట్టి నిలబడ్డాడు. "గోడమీద ఒక డబ్బా ఉంటుంది. హాల్లో వేడి ఎంతుందో అది చూసి మిషనుకు చెబుతుంది. వేడి తగ్గితే మిషను ఆగాలి. ఇక్కడేమో ఎప్పుడు చూసినా వేడి వేడి అనే చెబుతోంది, మిషను ఒక్క క్షణం ఆగట్లేదు. నేను వచ్చేటప్పటికే డబ్బా ఎక్కడా కనబడలేదు. బాగుచేద్దామన్నా చేతికి దొరికితే కదా?"

"ఎలాంటి డబ్బా?"

"తెల్లది."

పొదుపు తల మెల్లగా తిరిగింది. హాలంతా చీకటి. నేల మీద ఎర్రకళ్లు. వీటన్నిటి చివర, గోడ నడుమ, విడి తీగతో, బ్యాటరీ దన్నుతో, ఎవరూ ఆర్పలేని నాలుగు దీపాల కింద ధగధగా వెలుగుతున్న ఇత్తడి ఫలకం. విద్యుత్ పొదుపులో ప్రథమ కార్యాలయం.

దీన్నేం చెయ్యమంటారు సార్? లోపల కలిపెయ్యవయ్యా.

భార్య అప్పటికే అక్కడికి వెళ్లి అద్దం మీద చెయ్యి వేసింది. వేసినంత వేగంగా తీసింది. "అమ్మో! ఇదేంటండీ, పెనంలా కాలుతోంది?"

"మరి అందుకేగా పొద్దున్నే అందరం దీని దగ్గర నిలబడేది!" అంది టైపిస్టు, దాచుకోవడానికి ఇంకేమీ మిగల్లేదు కాబట్టి. "చేతులు కాస్త సాగితే గానీ టైపు కొట్టలేం కదండీ."

"అంటే... మీరు... దండం పెట్టుకునేవాళ్లు కాదా?" అన్నాడు పొదుపు.

ఆ ప్రశ్నకు ఆ హాల్లో ఎవరికీ నవ్వు రాలేదు. ఆయన మొహం అలా ఉంది.

దీపం కింద చీకటి ఉంటుందని సామెత. ఈ దీపం కింద చలి ఉంది. నాలుగు లైట్ల వేడి అలమరలో ఇరుక్కుని తెల్ల డబ్బాను కాలుస్తోంది. డబ్బా వేడి అంటోంది. మిషను మంచు పోస్తోంది. మంచుకు జనం హీటర్లు పెడుతున్నారు. హీటర్లతో హాలు కాస్త వెచ్చబడితే ఆ వెచ్చదనాన్ని కూడా మిషను తాగేస్తోంది. చంకలో పిల్లను పెట్టుకుని ఊరంతా వెతికినట్టు, పొదుపు తను వెతుకుతున్న దొంగకు తనే అలమర కట్టించి రోజూ మురిసిపోతున్నాడు.

ఆయన అలమర తలుపు మీద చెయ్యి వేశాడు.

"ముట్టుకోకు!" అని గుమ్మంలోంచి కమిషనరు. మెట్లెక్కి రొప్పుతున్నాడు. తన గదిలోంచి పారుతున్న ఎర్ర వెలుగును ఒకసారి, జనాన్ని ఒకసారి చూసి, "అది డాక్టరు చెప్పాడు, మడమ నొప్పికి," అన్నాడు ఎవరూ అడక్కపోయినా. తర్వాత గొంతు పెంచాడు. "రేపు వాళ్లు వచ్చేది దాన్ని చూడ్డానికయ్యా! చీకట్లో చూపిస్తావా? వాళ్లు వెళ్లాక నీ ఇష్టం, దించుకో, వండుకో. ఇవాళ మాత్రం ఉత్తర్వు మీద సంతకం పెట్టు. ఇదిగో." జేబులోంచి మడత కాగితం తీశాడు.

"ఇదంతా చూశాక కూడా మా హాలేనా?" అంది భార్య.

"అమ్మా, ఇదంతా రేపు వాళ్లకు చెప్పుకోగలమా? అవార్డు వల్లే బిల్లు పెరిగిందని చెబితే, అసలు అవార్డు ఎలా వచ్చిందని అడుగుతారు. అప్పుడేం చెబుతాం? మేం లేనప్పుడు బాగా పొదుపు చేశామనా?"

అందరూ పొదుపు వంక చూశారు. ఆయన భార్య వంక చూశాడు. ఆవిడ బతిమాలలేదు. కొంగుతో వేళ్లు ఒత్తుకుంటోంది, అద్దం చురుక్కుమన్న చోట. వాళ్ల వెనక, అలమరలో, ఆయన గుండెకు అయిదో గది వెలుగుతోంది. జీవితంలో ఆయనకు నలుగురిలో చప్పట్లు కొట్టించింది అదొక్కటే. అది ఆరిపోతే తను మళ్లీ మరుగుదొడ్డి లైటు ఆర్పే మనిషే.

వరండాల్లో అందరికంటే ముందు నడిచే ఆ చూపుడువేలు ఈసారి వెనకబడింది. అయినా వెళ్లింది. అలమర పక్కన తనొక్కడికే తెలిసేలా దాచి పెట్టించిన స్విచ్చు మీద ఆనింది.

టప్పుమంది.

హాలు నిండా చీకటి. ఎర్రకళ్లు మాత్రం మిగిలాయి. పొదుపు తడుముకుంటూ తన బల్ల దగ్గరికి వెళ్లి, వంగి, తన ప్లగ్గు పీకాడు. రెండు కళ్లు మూతపడ్డాయి. "నా ఒక్కడిదీ ఆరింది," అన్నాడు.

కాసేపటికి ఎక్కడో టిక్‌మంది. ఇంకో జత మూతపడింది. తర్వాత ఇంకోటి. సాక్సుల కింద ఒకటి. స్టూలు కింద ఒకటి. చివరికి హాల్లో ఏ కళ్లూ లేవు. గడప మీది ఎర్రటి వెలుగు ఒక్కటే ఉంది. అందరూ దాని వంకే చూస్తూ నిలబడ్డారు. కమిషనరు చాలాసేపు దగ్గాడు. ఆ తర్వాత లోపలికి వెళ్లాడు. టిక్‌మంది.

అలమర తలుపు తీసి డబ్బాను గాలికి విప్పి, మిగతావన్నీ మళ్లీ వేయించాడు పొదుపు. పైకప్పు మీద మిషను ఎప్పటిలా గర్జించింది. కొంతసేపు గర్జించి గర్జించి, ఉన్నట్టుండి ఆగిపోయింది.

ఏదో కూలిందనుకుని జనం పైకి చూశారు. పన్నుల గుమాస్తా ఏకంగా బల్ల కిందికి దూరబోయాడు. కొత్త కప్పు కిందికి వచ్చిన దగ్గర్నుంచీ ఆ మోత తనంతట తాను ఆగిన క్షణాన్ని ఎవరూ ఎరగరు. అది ఆఫీసు చప్పుడే అనుకున్నారు. ఇప్పుడు బయట పిచ్చుక అరుపు వినబడింది. రికార్డులక్కయ్య బిత్తరపోయి స్వెటరు బొత్తాలు విప్పుకుంది.

అయిదైంది. మడత కాగితం మీద సంతకం చోటు ఖాళీగానే ఉంది.

*

మర్నాడు పరిశీలన బృందం వచ్చింది. బృందానికి పెద్ద ఒక మధ్యవయసు ఆవిడ. ఖాళీ అలమర ముందు నిలబడి, "అవార్డేదండీ?" అంది.

కమిషనరు మొహంలో రక్తం లేదు. రాత్రంతా పొదుపును బదిలీ చేసే ఊరు వెతికినట్టున్నాడు. అంత దూరపు ఊరు దొరికినట్టు లేదు.

"డ్యూటీలో ఉందండి. రండి, చూపిస్తాను," అన్నాడు పొదుపు.

అందర్నీ కిందికి తీసుకెళ్లాడు. రీడింగ్ హాల్లో ఎదురెదురు కిటికీలు తెరిచి ఉన్నాయి. గాలి ఈ కిటికీలోంచి ఆ కిటికీలోకి పోతూ పోతూ పుస్తకాల పేజీలు తిప్పుతోంది. ఫ్యాన్లు తిరగడం లేదు. అవసరం రాలేదు. ఆ పరీక్షల అమ్మాయి పక్కనున్న కిటికీ రెక్క ఒకటి ఎప్పుడూ గాలికి టపటపా కొట్టుకునేది, దాన్ని మూసేసి ఫ్యాను వేసుకునేవాళ్లు. ఇప్పుడు ఆ రెక్క కదలకుండా బరువుగా ఒక ఇత్తడి ఫలకం అడ్డం పెట్టి ఉంది.

పెద్దావిడ దగ్గరికెళ్లి వంగి అక్షరాలు చదివింది. చేతిలోని ఫైలు జారి కింద పడింది.

"ఇదేంటండీ! మేమిచ్చిన అవార్డును కిటికీకి అడ్డం పెట్టారా?"

"అది మాకు పొదుపు చేసిపెట్టడం ఇవాళే మొదటిసారండి," అన్నాడు పొదుపు. "ఇది మాకెందుకొచ్చిందో కూడా చెబుతాను. ఆ ఏడాది సగం మేమసలు ఈ భవనంలోనే లేం."

ఆవిడ అక్కడున్న బెంచీ మీద కూర్చుండిపోయింది. ఆయన చెప్పాడు. మరుగుదొడ్డి లైటు దగ్గర్నుంచి, తెల్ల డబ్బా, హీటర్లు, తన కాళ్ల వేడి దాకా. వింటున్నంతసేపూ ఆవిడ నోరు మూతపడలేదు. అంతా అయ్యాక, "ఈ గది మూస్తున్నారని పైన ఎవరో అన్నారే?" అంది.

"ఎవరన్నారండీ?" అన్నాడు కమిషనరు, జేబులోని మడత కాగితాన్ని పిడికిట్లో నలిపేస్తూ. ఆ తర్వాత పొదుపు వైపు తిరిగి, నిన్నటినుంచీ దాచుకున్న ఉద్గారం మొత్తాన్ని ఒక్కసారి బయటికి వదలడానికి గుండెల నిండా గాలి పీల్చుకున్నాడు.

లైబ్రేరియను పెదవుల మీద వేలు పెట్టి, గోడ మీది బోర్డు చూపించింది. 'నిశ్శబ్దం పాటించండి.'

కమిషనరు పీల్చిన గాలి పీల్చినట్టే మింగేశాడు.